రాడ్‌ని 5 సెకన్లలో దించడం: ఒక బెంచ్ ప్రెస్ కేస్ స్టడీ

ఈ కేసులోని పవర్‌లిఫ్టర్ ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పీఈటీ. వయసు 31. ఒళ్లు బరువు 61 కిలోల దగ్గర ఉంటుంది, పోటీపడేది 63 కిలోల కేటగిరీలో. కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడినావిడ కాబట్టి కాళ్లలో బలానికి, దూకుడుకు లోటు లేదు. స్క్వాట్ (రాడ్‌ని భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్‌ని ఎత్తి నిలబడటం) త్వరగానే పట్టుబడ్డాయి. ఇబ్బందంతా బెంచ్ ప్రెస్ దగ్గరే, అంటే బెంచ్ మీద వెల్లకిలా పడుకుని రాడ్‌ని ఛాతీదాకా దించి పైకి తోసే లిఫ్ట్ దగ్గర.

కోచ్‌గా నా దగ్గరికి వచ్చే ముందు ఒక పవర్‌లిఫ్టింగ్ పోటీలో 47.5 కిలోలతో మొదలుపెట్టి, బెంచ్‌లో మూడు ప్రయత్నాలూ పోగొట్టుకున్నారు. మొదటిసారి రిఫరీ ‘ప్రెస్’ (తోయమనే పిలుపు) అనకముందే తోసేశారు. రెండోసారి పిలుపు కోసం ఆగారు గానీ, తోసేటప్పుడు రాడ్ ముందు ఛాతీలోకి కుంగి ఆ తర్వాత లేచింది. మూడోసారి నాలుగు వేళ్ల ఎత్తు లేచి అక్కడే నిలిచిపోయింది. ఏ ఒక్క లిఫ్ట్‌లో మూడూ పోయినా ఇక టోటల్ (మూడు లిఫ్ట్‌ల మొత్తం) ఉండదు. ఉదయం స్క్వాట్‌లో కష్టపడి తెచ్చుకున్న తెల్ల లైట్లన్నీ (లిఫ్ట్ చెల్లిందని రిఫరీలు వెలిగించేవి) బెంచ్ దగ్గర పోయాయి.

"జిమ్‌లో 52న్నర కొడుతున్నాను సార్. అక్కడ 47న్నర ఎందుకు లేవలేదో తెలియట్లేదు" అన్నారు ఆవిడ.

ఇందులో సగం జవాబు తూకంలో దొరికింది. అప్పటిదాకా వాడిన రాడ్‌ని ఆ జిమ్‌వాళ్ల అనుమతితో కాటా మీద పెట్టించమన్నాను. 17 కిలోలే తూగింది. 20 అనుకుని లెక్క వేసుకుంటున్నారు కాబట్టి ఆ 52.5 నిజానికి 49.5. మన ఊళ్లలోని జిమ్‌లలో రాడ్ మీద బరువు రాసి ఉండటం తక్కువ. పోటీకి వెళ్లాలనుకునేవాళ్లు చేయాల్సిన మొదటి పని రాడ్‌ని తూయడం. పోటీలో రాడ్ 20 కిలోలు, ప్లేట్లు జారకుండా బిగించే రెండు కాలర్లు కలిపి మరో 5. అక్కడ ఊహకు చోటు లేదు.

మిగతా సగం వీడియోలో దొరికింది.

ఫోన్‌ని బెంచ్ ఎత్తులో, పక్క నుంచి, మూడు మీటర్ల దూరంలో పెట్టి తీశాం. కాళ్ల వైపు నుంచి ఇంకొకటి. 40 కిలోలతో మామూలుగా ఎలా చేస్తారో అలాగే మూడు రెప్స్ (ఒకసారి దించి తోస్తే ఒక రెప్) చేయమన్నాను. ఒక్కో రెప్‌లో రాడ్ పైనుంచి ఛాతీకి చేరడానికి సెకను కూడా పట్టలేదు. అందులోనూ చివరి మూడో వంతు దూరంలో రాడ్‌ని చేతులు పట్టుకుని లేవు, వదిలేసినట్టే పడుతోంది. ఛాతీకి తగిలి ఎగిరే ఊపుతో పైకి పోతోంది. జిమ్‌లో ‘టచ్ అండ్ గో’ పేరుతో అందరూ కొట్టే బెంచ్ ఇదే. పోటీలో రాడ్ ఛాతీ మీద కదలకుండా నిలిస్తేనే రిఫరీ పిలుస్తాడు. నిలిపేసరికి ఎగిరే ఊపు పోతుంది, చేతిలో ఉన్న అసలు బలమే మిగులుతుంది. ఛాతీ మీద పూర్తిగా ఆపి చేయిస్తే మా దగ్గర శుభ్రంగా వచ్చింది 42.5 కిలోలు.

వీడియోలో ఇంకొన్ని కనిపించాయి. రాడ్ ఎత్తైన కొక్కేల మీద ఉండటంతో, తీసుకునేటప్పుడే భుజాలు పైకి సాగి, వెనక్కి బిగించిన రెక్క ఎముకలు విడిపోతున్నాయి. కింద మోచేతులు ఒక్కసారిగా బయటికి తెరుచుకుంటున్నాయి. మణికట్లు వెనక్కి వంగి ఉన్నాయి. కుడిచెయ్యి ఎడమదానికంటే ముందు పైకి వస్తోంది. పాదాలు నేలకు పూర్తిగా ఆనడం లేదు. ఆవిడ పొట్టి మనిషి, ఆ బెంచ్ ఎత్తు. కుడి భుజం ముందు భాగంలో అప్పుడప్పుడు నొప్పి ఉందని చెప్పారు. దాంతో ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకుని రమ్మన్నాను. చెయ్యి ఎత్తడంలో, తిప్పడంలో లోపమేమీ లేదని, బరువు తగ్గించి చేసుకోవచ్చని ఆయన చెప్పాకే పని మొదలుపెట్టాం. పదికి మూడు మించి నొప్పి అనిపిస్తే ఆ సెట్ (ఒక విడతలో చేసే రెప్స్) అక్కడితో ఆపాలన్నది మా ఒప్పందం.

రాడ్ తగిలే చోటు కోసం చేసిన పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు, ఎవరైనా చేసుకోవచ్చు. నల్ల టీషర్టు వేసుకోమని, రాడ్ నడిమధ్యలో చాక్ బాగా రుద్దాం. ఐదు రెప్స్ అయ్యాక టీషర్టు మీద తెల్ల గీతలు చూస్తే, పైదానికీ కిందిదానికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం. అంటే ఒక రెప్‌లో రాడ్ ఛాతీ పైభాగాన, ఇంకోదానిలో రొమ్ము ఎముక చివర తగులుతోంది. దిగే చోటు ప్రతిసారీ మారితే తోసే దారి కూడా ప్రతిసారీ కొత్తదే. ఏ దారీ అలవాటు కాదు. ఇది బలం లోపం కాదని, దించడంలో చేతికి అదుపు లేకపోవడమని ఆ గీతలు చూశాకే నాకు గట్టిగా అనిపించింది. నెమ్మది టెంపో (లిఫ్ట్‌లో ఒక్కో దశకు ఇన్ని సెకన్లని పెట్టుకునే లెక్క) ఎంచుకున్నది అందుకే.

1984లో మ్యాడ్సెన్, మెక్‌లాఫ్లిన్ అనే ఇద్దరు పరిశోధకులు అనుభవజ్ఞులైన లిఫ్టర్ల బెంచ్‌ని, కొత్తవాళ్ల బెంచ్‌ని పోల్చి చూశారు. అనుభవజ్ఞులు రాడ్‌ని తక్కువ వేగంతో దించుతున్నారు. రాడ్ నడిచే దారి కూడా వాళ్లలో భుజం కీలుకు దగ్గరగా ఉంది. వేగంగా పడే బరువుని ఆపాలంటే దాని తూకం కంటే ఎక్కువ బలం పెట్టాలి. 40 కిలోల రాడ్‌ని ఛాతీ దగ్గర ఒక్కసారి ఆపడానికి భుజం భరించేది 40 కాదు, అంతకంటే చాలా ఎక్కువ. ఆవిడ భుజం ముందు భాగంలోని నొప్పికి, దించే తీరుకు సంబంధం ఉందని నేను అనుకున్నది ఈ లెక్కతోనే.

టెంపో రాసే పద్ధతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఆస్ట్రేలియా కోచ్ ఇయాన్ కింగ్ మూడు అంకెల పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. కెనడా కోచ్ చార్ల్స్ పోలిక్విన్ దానికి నాలుగో అంకె చేర్చారు. నేను మూడే వాడతాను. 5-2-ఎక్స్ అంటే 5 సెకన్లలో దించడం, 2 సెకన్లు ఛాతీ మీద నిలపడం, తర్వాత శక్తికొద్దీ వేగంగా తోయడం. ఆ ఎక్స్ దగ్గర నేను రాజీపడను. దించడమే నెమ్మది. తోయడం ఎప్పుడూ, ఎంత తేలికైన బరువైనా, పూర్తి వేగంతోనే. కావాలని నెమ్మదిగా తోయించే కోచ్‌లు ఉన్నారు. బలం కోసం పోటీపడే మనిషికి దానివల్ల ఒరిగేది నాకు కనిపించలేదు. నెమ్మదిగా చేస్తే కండ ఎక్కువ పెరుగుతుందనే మాట కూడా జిమ్‌లలో గట్టిగా వినిపిస్తుంది. 2015లో బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం పాత అధ్యయనాలను కలిపి విశ్లేషిస్తే, ఒక్కో రెప్‌కి అర సెకను నుంచి 8 సెకన్ల దాకా పట్టినా కండ పెరుగుదల దాదాపు ఒకేలా ఉందని తేలింది. కాబట్టి ఈ పద్ధతిని కండ కోసం పెట్టలేదు. తప్పు ఎక్కడ జరుగుతోందో చేసేవాళ్లకే తెలిసేంత సమయం ఇవ్వడానికి పెట్టాను.

టెంపో మొదలుపెట్టే ముందు సరిచేయాల్సినవి సరిచేశాం. కొక్కేలను రెండు మెట్లు దించాం, రాడ్ అందివ్వడానికి ఒక మనిషిని పెట్టాం. పాదాల కింద రబ్బరు ప్లేట్లు వేశాం. అంతర్జాతీయ నియమాల ప్రకారం పోటీలోనూ 30 సెంటీమీటర్ల ఎత్తు దాకా ప్లేట్లు, దిమ్మలు వేసుకోవచ్చు. ఈ సంగతి పొట్టివాళ్లలో చాలామందికి తెలియదు. మా రాడ్ మీద చేతుల పట్టు కొలుచుకునే 81 సెంటీమీటర్ల గుర్తులు అరిగిపోయాయి. టేపుతో కొలిచి కరెంటు టేప్ చుట్టాం. అంతకుముందు ఆవిడ కుడిచెయ్యి ఎడమచేతి కంటే రెండు వేళ్లు బయటికి పట్టుకునేవారు. చేతులు సమంగా లేకుండా కుడిచెయ్యి ముందు లేవడం గురించి మాట్లాడి లాభం లేదు. రెక్సిన్ మీద వీపు జారకుండా పలచటి యోగా మ్యాట్ ముక్క పరిచాం. రాడ్‌ని అరచేతి మడమ మీద, ముంజేతి ఎముకకు నేరుగా పైన ఉండేలా పట్టించాం.

మొదటి మూడు వారాలు వారానికి రెండు రోజులు 5-2-ఎక్స్. బరువు 25 నుంచి 27.5 కిలోలు, అంటే శుభ్రంగా వచ్చిన 42.5లో సుమారు 59 నుంచి 65 శాతం. మూడు రెప్స్ చొప్పున ఐదు సెట్లు. ప్రతి రెప్‌కీ పైన ఆగి కొత్త ఊపిరి తీసుకోవాలి. దించి, నిలిపి, తోసేసరికి 8 సెకన్లకు పైనే అవుతుంది, అంతసేపు ఊపిరి బిగబట్టి ఉంటారు కాబట్టి రెండు రెప్స్ కలిపితే బిగువు సడలిపోతుంది. (రక్తపోటు ఉన్నవాళ్లకు ఇంతసేపు ఊపిరి బిగించే పని డాక్టర్‌ని అడగకుండా చేయించకూడదు. నేను చేయించను.) మూడో రోజు 30 కిలోలతో మామూలు వేగంలో దించి, ఛాతీ మీద ఆపి తోయడం.

27.5 అనగానే ఆవిడ ముఖం చిన్నబోయింది. "ఇంత తక్కువా సార్?" అన్నారు. "మీ స్కూల్లో పిల్లలకి కబడ్డీ పట్టు నేర్పేటప్పుడు మొదటిరోజే పెద్దాణ్ణి పట్టమంటారామ్మా?" అని అడిగాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మొదటి వారం వీడియో చూస్తే రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, మనసులో లెక్కపెట్టుకునే సెకన్లు నిజం సెకన్లు కావు. బరువు చేతిలో ఉంటే ‘ఒకటి, రెండు, మూడు’ పరుగెత్తుతాయి. ఆవిడ 5 అనుకున్నది గడియారంలో 3 దగ్గరే ఉంది. ఫోన్‌లో మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, పక్కన ఒకరు పైకి లెక్కపెట్టేలా చేశాం. దీంతో మొత్తం సమయం 5కి వచ్చింది.

రెండోది అసలు సంగతి. మొత్తం 5 సెకన్లే, కానీ పై సగం దూరానికే 4 సెకన్లు తీసుకుని, చివర్లో మళ్లీ పడేస్తున్నారు. అదుపు లేనిది కిందనే. శరీరం ఆ చోటుని తప్పించుకుని, సుఖంగా ఉన్న పైభాగంలో సమయమంతా ఖర్చుపెడుతోంది. టెంపో పని ఇస్తున్నా ఫలితం లేదనేవాళ్ల వీడియోలు చూసినప్పుడల్లా నాకు ఎక్కువగా కనిపించేది ఇదే. గడియారం సరిగ్గానే ఉంటుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. అందుకే సెకన్లను దూరానికి కట్టాం. 2 లెక్కపెట్టేసరికి సగం దూరం, మిగతా 3 సెకన్లు కింది సగానికి. అదీ చాలలేదు. రెండో వారం చివరినుంచి ప్రతి సెట్‌లో మొదటి రెప్‌కి ఇంకొకటి చేర్చాం. ఛాతీకి రెండు వేళ్ల ఎత్తులో, తాకకుండా, రాడ్‌ని గాలిలో ఒక సెకను ఆపి, ఆ తర్వాత తాకించాలి. దీనికి బరువు 25కే తగ్గించాం. మొదటి రెండు మూడు సార్లు చేతులు వణికాయి. కానీ అక్కడ ఆపగలిగితే మోచేతులు ఎటు పోతున్నాయో, రెక్క ఎముకలు బిగిసి ఉన్నాయో లేదో మనిషికి తనంతట తనకే తెలుస్తుంది. "ఇక్కడ మోచేతులు తెరుచుకోబోతుంటే తెలుస్తోంది సార్" అని ఆవిడే చెప్పారు. అంతకుముందు ఆ మాట నేనే చెబుతూ వచ్చాను, వీడియోలో చూపించాను కూడా. చూసి తెలుసుకోవడం వేరు, బరువు కింద ఉండి తెలుసుకోవడం వేరు.

ఒక సెషన్‌కి ఒకే సూచన అన్న నియమం పెట్టుకున్నాం. 5 సెకన్లు దొరికాయి కదా అని మోచేతులు, మణికట్లు, పాదాలు, వీపు అన్నీ ఒకేసారి చెప్పాలనిపిస్తుంది. నాలుగు మాటలు విన్న మనిషి ఒక్కటీ చేయలేదు. మొదటి వారం ‘రెక్క ఎముకలు’ మాత్రమే, తర్వాతి వారం ‘రాడ్ కింద మోచెయ్యి’, ఆ తర్వాత ‘తోసేటప్పుడు ముఖం వైపు’. చివరిది చాలామందికి వింతగా ఉంటుంది. రాడ్ ఛాతీ కింది భాగంలో తగిలి, భుజాలపైకి వెళ్లి ఆగాలి. నిట్టనిలువుగా తోస్తే చివర్లో భుజం కీలుకు దూరంగా ఉండిపోతుంది. మొదటి నుంచే కొద్దిగా తల వైపు నడిపించాలి.

రెండో వారంలో ఛాతీ, చేతుల వెనక కండరాలు రెండు రోజుల పాటు బాగా పీకాయి. నెమ్మదిగా దించే పనికి ఇది మామూలే. ఆ వారం సెట్లు ఐదు నుంచి మూడుకు తగ్గించి, తర్వాత పెంచాం.

నాలుగు నుంచి ఆరో వారం దాకా 3-1-ఎక్స్, 30 నుంచి 34 కిలోలు. ఇక్కడ ఆడవాళ్లకు మన జిమ్‌లలో ఎదురయ్యే ఒక చిక్కు వచ్చింది. మామూలుగా దొరికే చిన్న ప్లేటు 2.5 కిలోలు. రెండు వైపులా వేస్తే ఒక్కసారిగా 5 పెరుగుతుంది. వంద కిలోలు కొట్టేవాడికి అది 5 శాతం, 30 దగ్గర ఉన్నావిడకు దాదాపు 17 శాతం. అంత దూకితే నేర్చుకున్న అదుపంతా పోతుంది. 1.25వి ముందే కొన్నాం, అవీ చాలలేదు. అర కిలోవి, కిలోవి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద కోయించాం. కిలో చొప్పున, రెండు కిలోల చొప్పున పెంచుకుంటూ 34కి చేరాం. ఈ ప్లేట్లు లేకపోతే ఈ కేసు ఇలా నడిచేది కాదని నా నమ్మకం.

ఐదో వారంలో తోసే వేగం తగ్గినట్టు వీడియోలో కనిపించింది. నెమ్మదిగా దించే మనసు, తెలియకుండానే నెమ్మదిగా తోయడం మొదలుపెట్టింది. దాంతో ప్రతి సెషన్ చివర 25 కిలోలతో రెండు సెట్లు, మామూలు వేగంతో దించి, వీలైనంత వేగంగా తోయడం చేర్చాం. రెండు వారాల్లో పాత వేగం తిరిగి వచ్చింది. టెంపో ఒక్కటే నెలల తరబడి చేయించకూడదని చెప్పేది ఇందుకే.

ఏడో వారం నుంచి టెంపో తీసేశాం. పోటీ పద్ధతే, ‘స్టార్ట్’, ‘ప్రెస్’, ‘ర్యాక్’ అని పిలుస్తూ. ‘ప్రెస్’ అనడంలో నేను కావాలనే ఆలస్యం మార్చేవాణ్ణి. ఒకసారి రాడ్ నిలవగానే, ఒకసారి రెండు సెకన్లకు. పిలుపుని ఊహించి తోసే అలవాటు అలాగే పోతుంది. దించే వేగం గురించి ఏమీ చెప్పలేదు. కొలిస్తే తనంతట తానే 2 సెకన్ల దగ్గర స్థిరపడింది. నాకు కావలసింది ఆ 2 సెకన్లే. పోటీలో 5 సెకన్లు దించితే చేతుల్లో బలం వృథా అవుతుంది. చాక్ గీతలు 40 కిలోల దగ్గర రెండు వేళ్ల వెడల్పులోకి వచ్చాయి. 2023 నుంచి మోచేతి కింది భాగం భుజం కీలు పైభాగంతో సమంగా గానీ కిందికి గానీ రావాలన్న నియమం కూడా ఉంది. పక్క వీడియోలో అదీ సరిచూసుకున్నాం. ఆవిడ వీపు వంపు మితంగానే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. భుజం నొప్పి నాలుగో వారం తర్వాత సెషన్ నోట్స్‌లో కనిపించలేదు.

తర్వాతి పోటీలో 42.5తో మొదలుపెట్టించాను. మూడు తెల్ల లైట్లు. 45కి మూడు తెల్ల లైట్లు. 47.5కి రెండు తెలుపు, ఒక ఎరుపు. లిఫ్ట్ చెల్లింది. అంతకుముందు మూడుసార్లు పోయిన బరువే అది. ఈసారి కూడా కుడిచెయ్యి ముందు లేచింది. అది మా వీడియోలో ఉంది.

పది వారాల్లో 42.5 నుంచి 47.5 అయిందంటే అంతా టెంపో గొప్పే అని నేను అనను. పాదాల కింద ప్లేట్లు, సమంగా పట్టిన చేతులు, వారానికి రెండుసార్లు రోయింగ్ (బరువుని ఒంటి వైపు లాగే వ్యాయామం), సరైన తూకం ఉన్న రాడ్, వీటన్నిటికీ వాటా ఉంది. అయితే రాడ్ తగిలే చోటు స్థిరపడటం, కింద అదుపు రావడం, ఈ రెండూ టెంపో వారాల్లోనే జరిగాయి. గీతల ఫొటోలు వారం వారం అది చూపిస్తున్నాయి. దించడం బాగానే ఉండి, పైన చేతులు చాచే దగ్గర ఆగిపోయే లిఫ్టర్‌కి నేను ఈ పద్ధతి ఇవ్వను. అతనికి కావలసింది ట్రైసెప్స్ (చేతుల వెనక కండరాలు) పని, ఎక్కువ సెట్లు. పోటీకి రెండు మూడు వారాల ముందు కూడా ఎవరికీ ఇవ్వను. ఒళ్లు నొప్పులు తప్ప అప్పుడు చేతికొచ్చేది ఏమీ ఉండదు.

ఇప్పుడు ఆవిడ వారానికి ఒక్కరోజే 3-1-ఎక్స్ చేస్తున్నారు, 32 కిలోలతో. కుడిచెయ్యి ముందు లేవడానికి డంబెల్ ప్రెస్ చేర్చాం, ఎడమ చేతితో మొదలుపెట్టి, అది ఎన్ని రెప్స్ చేస్తే కుడితో అన్నే. ఈసారి పోటీలో 50 అడగాలని ఆవిడ ఆలోచన. శిక్షణలో 47.5ని రెండు చేతులూ సమంగా లేచేలా రెండు వేర్వేరు రోజుల్లో ఆపి తోస్తేనే ఆ అంకె కార్డులో రాద్దామని చెప్పాను.